ఇద్దరికి సరిపడా మడి

మా పెదనాన్నను వీధి వీధంతా గుండిగ మాస్టారు అంటుంది. పెళ్లి భోజనాలు వండే ఆ పెద్ద పెద్ద గుండిగలతోనే ఆయన జీవితమంతా గడిచింది. వెయ్యిమందికి ఉప్పు ఎంత పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఇంట్లో ఇద్దరికి కాఫీ పెట్టమంటే మాత్రం బిందె కోసం వెతుకుతారు. మొన్నామధ్య భుజం పట్టేసింది. ఇక గుండిగల్లో గరిటె తిప్పొద్దని డాక్టరు గట్టిగా చెప్పడంతో గుండిగలు శిష్యుడికి అప్పగించి ఇంటిపట్టున ఉండిపోయారు.

ఇంటిపట్టున అన్న మాటేగాని కాలు నిలిస్తేనా. ఊరికే వచ్చి కుర్చీలో కూర్చుని చెబితే చాలంటూ శిష్యుడు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. కుర్చీలో కూర్చునే మనిషా ఈయన? ఒక్కసారి వెళితే మళ్లీ గరిటె పట్టేస్తారని, ఆ భుజం కాస్తా పూర్తిగా పోతుందని పెద్దమ్మ బెంగ. అందుకే పెరట్లో కూరగాయలు పెంచుదామని ఆవిడే లేవదీసింది. ఆయన్ని ఇంట్లో నిలబెట్టడానికి తనకు ఇంకో ఉపాయం తోచడం లేదని, పక్క వాటాలో ఉన్న నాతో చెప్పుకుంది. వాళ్లిద్దరికీ తోటపనిలో ఓనమాలు రావు. ఆయన తమ్ముడి కూతుర్ని, నాకూ రావు. కాకపోతే నాకు సలహాలివ్వడం వచ్చు.

పెదనాన్న పెరట్లోకి దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, పని ఒప్పుకునేముందు ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగారు.

“ఎంతమందికి?”

ఇద్దరికి అన్నాను. నేనేదో పరాచికమాడినట్టు ఓ చూపు చూసి, సున్నప్పొడి తీసుకుని గీతలు గీయడం మొదలుపెట్టారు. ఇటు టమాటా, అటు బెండ, ఆ పక్కన ఆకుకూరలు, మిగిలిన సగం పెరడూ వంకాయ. వంకాయ కూరకు ఆయన పెట్టింది పేరు మరి. పెళ్లికూతురి ముఖం మరిచిపోయినవాళ్లు కూడా ఆ కూర మరిచిపోరు. గీతలు బట్టలారేసే తీగ కిందుగా దూరి స్నానాల గది గుమ్మం దాకా పోయాయి. తడిబట్టల బకెట్‌తో వచ్చిన పెద్దమ్మ, అడుగు పెట్టే చోటు లేక ఒంటికాలి మీద నిలబడి, బెండకాయల్లోంచి వెళ్లాలా టమాటాల్లోంచి వెళ్లాలా అని అడిగింది. నేను నవ్వలేక చచ్చాను.

ఒక్క మడి చాలని, ఎటువైపు కూర్చుని చెయ్యి చాపినా మధ్యకు అందేంత వెడల్పు మించకూడదని ఆవిడ తేల్చేసింది. అది నా సలహాయే. ఆవిడ నోట ఇంకా బాగా పలికింది.

పెదనాన్న దిగాలుగా ఒప్పుకుని, కనీసం చోటు తానే చూస్తానన్నారు. చూశారు కూడా. పెరటి చిట్టచివర, పక్కింటివాళ్ల ఎత్తుగోడ నీడలో, ఎవరి కంటా పడని మూల. ఎందుకయ్యా అంటే, వంటపందిరి ఎప్పుడూ అలాంటి చోటే వేస్తారట. ఎండ తగలకూడదు, పొగ జనం మీదికి పోకూడదు, వచ్చినవాళ్లకు కనబడకూడదు. టమాటా మొక్క పొగ వదలదని నేను, ఎండ లేకపోతే అది తల వేలాడేస్తుందని పెద్దమ్మ, చెరో పక్కనుంచి వాయించాం. ఆఖరికి ఒకరోజంతా ఎండ ఎటు పోతుందో చూసి తేలుద్దామని ఒప్పందం కుదిరింది.

ఆదివారం పొద్దున్నే ఆయన తలకు తువ్వాలు చుట్టి పెరట్లో కుర్చీ వేసుకున్నారు. ఎండ జరిగితే కుర్చీ జరుగుతుంది, కుర్చీ వెనకే నేను, నా వెనకే మంచినీళ్ల చెంబుతో పెద్దమ్మ. ముగ్గురికీ చిన్నపిల్లల హుషారు వచ్చేసింది. ఆయనకు ఎండ కూడా వడ్డన చేసేవాడిలాగే కనబడింది. ఈ వరసకు వడ్డించాడు, ఇప్పుడు గోడవారకు వెళ్తున్నాడు, ఆ చివరి మూలకు అసలు పోలేదు, అక్కడ కూర్చున్నవాడు ఖాళీ కడుపుతో లేవాల్సిందే అంటూ ఒకటే వ్యాఖ్యానం. ఆ మూల తాను ఏరి కోరి ఎంచుకున్నదేనని కాసేపటికి గుర్తొచ్చి పగలబడి నవ్వారు. ఎండ బాగా నిలిచింది వంటింటి గుమ్మం పక్కన. కుళాయి కూడా అక్కడే.

చోటు కుదిరింది, ఇక ఏవి ఎన్ని మొక్కలన్నది మిగిలింది. అక్కడ ఆయనకు లెక్క తెగలేదు. ఐదువందల మంది వంటను ఇద్దరి దాకా దించుకుంటూ వస్తే అంతా చెంచాల్లోకి, ముక్కల్లోకి వచ్చి ఆగింది.

“నువ్వు పూటకి ఎంత కూర తింటావే?” అని పెద్దమ్మను అడిగారు.

పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది. “ఎప్పుడైనా నా ఎదురుగా కూర్చుని తింటే తెలిసేది.”

వంటవాళ్లు పంక్తిలో కూర్చోరు. అందరూ లేచాక ఏ మూలో నిలబడి నాలుగు మెతుకులు నోట్లో వేసుకుంటారు. ఇంటికొచ్చాక కూడా ఆయనది అదే పద్ధతి. ఆవిడకు వడ్డించి తాను వంటింట్లోకి వెళ్లిపోతారు. ఆవిడ ఒక్కతే తింటుంది.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. నేను వడ్డించాను. ఆయన తన కంచం మానేసి ఆవిడ కంచంకేసే చూస్తున్నారు. అలా గుడ్లప్పగిస్తే ముద్ద దిగదని ఆవిడ సిగ్గుపడింది. ఆకుకూర రెండోసారి అడిగి వేయించుకుంది. పొద్దున ఆయన వండిన వంకాయ కూరను మాత్రం కంచం అంచుకు జరిపింది.

“బాగా రాలేదా?” అంటూ ఆయన ముందుకు వంగారు.

“మీ చేతి వంట బాగాలేకపోవడమేమిటి? నాకు వంకాయ పడదండీ. ఒళ్లంతా దురద.”

పెళ్లయిన నాటి నుంచి ఏ పనికి వెళ్లినా ఆవిడ కోసమని ఆయన గిన్నె నిండా తెచ్చింది ఆ కూరే. అదంతా పిట్టగోడ మీంచి మా వాటాలోకి వచ్చేది. మేం లొట్టలేసుకుంటూ తినేవాళ్లం.

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“గిన్నె చేతిలో పెట్టి మళ్లీ పరుగెత్తేవారు. ఎప్పుడు చెప్పను?”

ఏడుస్తారేమో అనుకున్నాను. ఆయన నవ్వడం మొదలుపెట్టారు, భుజం పట్టుకుని మరీ. ఆవిడా నవ్వింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంతలో శిష్యుడి ఫోన్ మోగితే, రేపు రాలేనని, ఎల్లుండి కూడా కుదరదని చెప్పమని నాకు పురమాయించి ఆవిడ వైపు తిరిగారు.

“మడిలో వంకాయ లేదు. నీకు ఇంకా ఏమేం పడవో చెప్పు. ఇష్టమైనవి కూడా చెప్పు.”

పెద్దమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ దగ్గర చెప్పాల్సింది చాలా ఉంది. ఎంగిలి చేతులు ఎండిపోయాయి గాని, ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.