బలుసు పొద పీకిన చోట

వేరును చూడకుండా ఏ మొక్కనూ నమ్మరాదని మాకు వృక్షశాస్త్రం బోధించిన మేడం చెప్పేవారు. కొన్ని మొక్కలు పచ్చగా ఆకు వేస్తాయి, పూస్తాయి, కాస్తాయి. నేల లోపల మాత్రం పక్క మొక్క వేరును పట్టుకొని నీరూ సారమూ లాగుతుంటాయి. అటువంటి వాటిని నిర్ధారించాలంటే మట్టి తొలగించి, వేరును వేరు కరిచిపట్టిన బుడిపెను కంటితో చూడాలి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఆ పాఠం శ్రద్ధగా నేర్చుకున్నాను. మొక్కల కోసం నేర్చిన అనుమానం మనుషుల మీదికి ఎంత సులువుగా మళ్లుతుందో మాత్రం వాకాడు దగ్గర తెలిసింది.

సముద్రానికీ సరుగుడు తోటలకూ నడుమ మిగిలిన ఇసుక అడవిలో మొక్కల జాబితా తయారుచేసే సర్వే సహాయకుడిగా తాత్కాలిక ఉద్యోగం నాది. ఆ అడవికి ఒక కాపలాదారు ఉన్నారు. యాభై దాటిన మనిషి; ఆయనదీ ఏటికేడు పొడిగించే పనే. నేను ఆయనను అన్నా అంటాను. ఆయన నన్ను సారూ అంటారు. ఆ పిలుపులో కొంత ఎగతాళి ఉంటుంది. వేసవి మొదట్లో ఆయనే నన్ను పొదల మధ్యకు తీసుకువెళ్లి నడుమెత్తు గంధం మొక్కను చూపించారు. ఎదురెదురు ఆకులు, కొమ్మ చివర చిన్న పూలు. కొత్తగా విచ్చినవి లేత పసుపు, పాతవి ముదురెరుపు.

"యాడుందో మాత్రం రాయబాక సారూ," అన్నారు.

"ఎందుకన్నా?"

"నువ్వు రాసిన కాయితం ఎవురెవురి చేతికి పోద్దో నీకు తెలుసా?"

ఆ మాట నాకు నచ్చలేదు. దాచమన్నవారికి దాచవలసిన కారణం ఏదో ఉంటుందనిపించింది. ఆయన వెళ్లాక, ఫొటో చక్కగా రావాలని గంధానికి ఆనుకొని పెరిగిన బలుసు పొదను వేళ్లతో సహా పీకి, చుట్టూ కొడవలితో గుండ్రంగా శుభ్రం చేశాను. బుచ్చిరెడ్డిపాలెం దగ్గర మా నాన్న కౌలుకు చేసే వరిపొలంలో కలుపు తీస్తూ పెరిగినవాణ్ణి. పనికొచ్చే మొక్క పక్కన పనికిరానిది కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. తర్వాత పట్టికలో 'గంధం: వేరు పరాన్నజీవి' అని రాసుకున్నాను. పుస్తకంలో ఉన్న సంగతే కనుక తవ్వి చూడనవసరం లేదనుకున్నాను.

నెల తర్వాత వెళ్లేసరికి ఆకులు పసుపుబారి సగం రాలిపోయాయి. మొదలు దగ్గర మట్టి కొత్తగా తవ్వి, తడిగా ఉంది. పక్కన ఏవో లేత మొలకలు. ఈ చోటు తెలిసింది మా ఇద్దరికే, రాయవద్దన్నది ఆయన. మొక్కను పెళ్లగించి ఎవరికో అమ్మబోయి, కుదరక వదిలేసి ఉంటాడనుకున్నాను. ఆ వారంలోనే ఆయన నా బండి నెంబరు అడిగారు, ఫోన్లో ఎవరితో మాట్లాడుతున్నానని అడిగారు. తప్పు చేసినవాడి కంగారుగానే నాకు తోచింది.

గదికి వచ్చి పై అధికారికి అర పేజీ ఫిర్యాదు రాశాను. అది చేరితే ఆయన పని ఆ నెలతో ఆగిపోతుందని నాకు తెలుసు. అయితే ఆధారం చూడకుండా సంతకం చేయడానికి మనసొప్పలేదు. మర్నాడు పొద్దున్నే కాగితం జేబులో పెట్టుకొని మళ్లీ వెళ్లాను.

మోకాళ్ల మీద కూర్చొని చేతివేళ్లతో ఇసుక తీశాను. గంధపు సన్నవేరు ఒకటి బయటపడింది. దాని మీద మినపగింజంత బుడిపె. ఆ బుడిపె ఒక తెగిన వేరు ముక్కను ఇంకా పట్టుకొనే ఉంది. ముక్క ఎండి నల్లబడింది. అది నేను పీకిన బలుసు వేరు.

వెనక నీళ్ల బిందె దించిన చప్పుడు, కాపలాదారు గొంతు వినిపించాయి.

"మళ్లా తవ్వతా ఉండావా? ఉన్న నాలుగాకులు గూడా రాల్చిపోతావా?"

"అన్నా, ఈ మట్టి తవ్వింది..."

"నేనే తవ్వినా. కంది గింజలేసినా. పొద్దన్నే బిందె మోస్తా ఉండా. నర్సరీలో పన్జేసేటప్పుడు గంధం పెట్టిన ప్రతి సంచిలో ఒక కంది మొక్క పెట్టేవోళ్లం. తోడు లేకుంటే ఇది బతకదు."

"మరి నేను పొద పీకితే ఎందుకు చెప్పలేదన్నా?"

"చదువుకున్నోడివి, తెలియక పీకినావని నేనెట్టనుకుంటా? దొంగలకి గుర్తుగా గుండ్రంగా చదును చేసి పెట్టినావనుకున్నా. నీ బండి నెంబరు మా గోడ మీద బొగ్గుతో రాసిపెట్టుండా, వచ్చి చూసుకో."

"నేను కలుపు తీశానన్నా."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "అడివిలో కలుపు తీసినోణ్ణి నిన్నే చూసినా నాయనా!"

నేను నవ్వలేకపోయాను. కాగితం తీసి ఆయన చేతికిచ్చాను. కళ్లజోడు లేదు, నువ్వే చదువన్నారు. మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాను. ఈలోగా ఆయన నేను తీసిన ఇసుకను తిరిగి వేరు మీదికి నెట్టారు.

"అయిపోయిందా?"

"అయిపోయిందన్నా."

"అయితే బిందె ఎత్తు."

ఆ సాయంత్రం ఫిర్యాదు చింపి, పట్టిక సరిదిద్దాను. ఆశ్రయమిచ్చిన మొక్క: బలుసు. వేరు సంబంధం: కంటితో చూచితిని. పొదను పెకలించినవారు: సర్వే సహాయకుడు. చోటు రాయవలసిన గడి ఖాళీగా వదిలాను.

కంది మొలకలు జానెడు ఎదిగాయి. గంధం వేరు వాటిని అందుకుందో లేదో తెలియదు. ఈసారి తవ్వి చూడలేదు. కాపలాదారు మాత్రం ఇప్పటికీ నా సంచి వెతకనిదే లోపలికి పంపరు. కొడవలి కనిపిస్తే తీసి తన దగ్గర పెట్టుకుంటారు.