అమ్మకానికి కాని గాజులు

పోయిన ఆదివారం పొద్దున మా గాజులత్త పోయింది. రాబర్ట్‌సన్‌పేట బజారులో ఆమె అంగడిని ఇప్పుడు చూసుకుంటున్న తమ్ముడి కొడుకు ఫోన్ చేసి, "అక్కా, అత్త లేదు. కాఫీ అడిగింది, తెచ్చేలోపల పోయినాది" అన్నాడు. కోలారులో మా ఇంట్లో అమ్మ అప్పుడు వంటింట్లో ఉంది. చెప్పగానే పొయ్యి ఆర్పింది. ఏడవలేదు. స్నానాల గదిలోకి వెళ్ళి కొత్త సబ్బు ఒకటి తెచ్చి సంచిలో వేసుకుంది. చావింటికి సబ్బెందుకని నేను అడగలేదు.

గాజులత్త మాకు చుట్టం కాదు. మేము బంగారు గని కూలీలకిచ్చే లైను ఇళ్ళలో ఉండేవాళ్ళం, ఆమె బజారు మనిషి. అయినా లైన్లలో ఆడపిల్లలందరికీ ఆమె అత్తే. తమిళంలో బేరమాడేది, కన్నడంలో సర్దిచెప్పేది, తెలుగులో తిట్టేది. గాజులు తొడిగేటప్పుడు మన వేళ్ళు నొక్కుతూ ఏదో ఒక కబురు ఎత్తుకునేది. "చెయ్యి నాకిచ్చేసి మనసు ఇంగ యాడన్నా పెట్టుకో, నొప్పి తెలీదు" అనేది. నా చేయి గట్టిదని ఆమెకు ఎప్పుడూ ఎగతాళే. "మీ నాయిన చెయ్యే వచ్చినాది నీకు. బండలు కొట్టే చెయ్యి. దీనికి గాజులు కాదు, సుత్తి ఇయ్యాల" అని నవ్వేది. నాకు ఉక్రోషం వచ్చేది. మా నాన్న మాత్రం ఆ మాట విని మురిసిపోయేవాడు.

అంగడి నిండా గాజులు దారాలతో బిగించి కట్టి ఉండేవి. మా ఊళ్ళో నేలను నమ్మేందుకు లేదు. గనిలో లోతున బండ పేలితే పైన ఇళ్ళలో గిన్నెలు కదిలేవి. దాన్ని అందరం బరస్ట్ అనేవాళ్ళం. గనులు తెల్లదొరల కంపెనీ నుంచి సర్కారు చేతికొచ్చి ఏళ్ళయినా, ఆ సంగతి లోపలి బండకు ఎవరు చెప్పాలి? అందుకే గాజులత్త వాకిలి పక్కన ఒక్క కమ్మీకి మాత్రం పచ్చ గాజులు వదులుగా గుచ్చి వేలాడదీసింది. కాలికి తెలియని చిన్న వణుకు కూడా ఆ గాజులకు తెలిసేది. ఎవరైనా బేరమడిగితే, "అవి అమ్మేటివి కాదమ్మా" అనేది.

ఆ కమ్మీ మోగితే అంగడిలో పని ఆగిపోవలసిందే. గనిలోకి దిగే షాఫ్ట్ దగ్గరనుంచి అందరూ క్షేమమని కబురు వచ్చేదాకా ఆమె ఎవరికీ గాజు తొడిగేది కాదు. ఒక చేతికి వేసి రెండో చేతికి వేయకముందే మోగిందా, ఆ మనిషి అలాగే కూర్చోవాలి. పెళ్ళికూతుళ్ళు కూడా ఒక చేయి నిండుగా, ఒక చేయి బోడిగా పెట్టుకుని కూర్చున్నారు. బయట తిరిగేవాళ్ళు కూడా ఏమైందని అడగకుండా మెట్ల మీద కూర్చునేవాళ్ళు. కబురు మంచిదైతే అత్త అందరికీ బెల్లం ముక్క పెట్టి గాజులు జారడానికి కలిపిన సబ్బునీళ్ళు మళ్ళీ దగ్గరికి లాక్కునేది.

ఒక ఏడు వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు అమ్మ అలాగే కూర్చుంది. నేను పక్కన ఉన్నాను. పాతవి తీసేసి, కుడి చేతికి ఎర్ర గాజులు తొడగడం అయింది. అత్త ఎడమ చేయి పట్టుకుంది. కమ్మీ మోగింది. నాన్న గని లోపల ఉన్నాడు.

ఆ పూట బెల్లం పెట్టలేదు.

కర్మ రోజున లైనులోని పెద్దావిడలు అమ్మను కూర్చోబెట్టారు. ఆ ఒక్క చేతి గాజులు పగలగొట్టడానికి రాయి తెచ్చారు. గాజులత్త గిన్నెతో, సబ్బుతో వచ్చింది. "రాయి పక్కన పెట్టండి. నేను తొడిగినాను, నేనే తీస్తాను" అంది. ఒక్కొక్క గాజూ అమ్మ చేతినుంచి జారుతుంటే ఆమె ఈసారి ఏ కబురూ చెప్పలేదు. ఒక్కటీ విరగకుండా తీసి కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

తరువాత అమ్మకు బడిలో ఆయా పని దొరికింది. పనిలో చేరే ముందు రోజు అత్త మా ఇంటికి వచ్చింది. కొంగు విప్పితే అవే ఎర్ర గాజులు. రెండో చేతికి సరిపడా ఇంకొన్ని తెచ్చింది. అమ్మ చేతులు వెనక్కి లాక్కుంది.

"లోకం ఏమంటాది అక్కా?"

"లోకం నా అంగడికి వచ్చేదే కదా, నేను చెప్పుకుంటాలే. గాజులు నీకు పుట్టినప్పుడే మీ అమ్మ తొడిగినాది. మొగుడితో రాలేదు, మొగుడితో పోయేదేంది? ఆ పొద్దు సగంలో నిలిపినాను. పని సగంలో వదిలేదాన్ని కాదు నేను. ఇయ్యి ఆ చెయ్యి."

అమ్మ ఆ రోజు ఏడ్చినంత నాన్న పోయిన రోజు కూడా ఏడవలేదు. లైనులో చాలామంది చాలా అన్నారు. కొందరు పసుపు కుంకుమకు నన్ను కూడా పిలవడం మానేశారు. అత్త మాత్రం వాళ్ళ కూతుళ్ళకూ గాజులు తొడుగుతూనే పోయింది.

ఇంత చేసిన మనిషి చేతులు మాత్రం బోడివే. భర్త ఆమె చిన్న వయసులోనే జ్వరంతో పోయాడు. నువ్వెందుకు వేసుకోవని ఒకసారి అమ్మ నిలదీసింది. "నా చెయ్యి మోగితే ఆ కమ్మీ మోగేది వినపడదు కదమ్మా" అంది అత్త. కొన్నేళ్ళకు గని మూసేశారు. లైన్లు ఖాళీ అయ్యాయి, మేమూ కోలారు వచ్చేశాం. మిగిలిన ఆడవాళ్ళు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనులకు పోసాగారు, ఆ తోపులాటలో నిలవవని గాజు గాజులు కొనడం తగ్గించారు. నేల కదలడం మానేసింది. "ఇంగ వినేదానికి ఏముంది అక్కా, ఇప్పుడన్నా వేసుకో" అని అమ్మ వెళ్ళినప్పుడల్లా అడిగేది. "చూస్తాములే" అనేది అత్త. కమ్మీని మాత్రం రోజూ తుడిచేది.

ఆదివారం మేము వెళ్ళేసరికి అంగడి ముందర పాడె కడుతున్నారు. అమ్మ చెప్పులు విప్పి, తిన్నగా అంగడి వాకిలి దగ్గరికి వెళ్ళి కమ్మీ దింపింది. పచ్చ గాజులు ఒళ్ళో పోసుకుని అత్త పక్కన కూర్చుంది. సబ్బు తీసి నీళ్ళడిగింది.

"మొగుడు లేనామెకు గాజులేందమ్మా, అదీ ఈ పొద్దు?" అన్నాడు చుట్టాల్లో ఒక పెద్దాయన.

"ఈమె నన్ను సగంలో వదల్లేదప్పా" అంది అమ్మ. తల కూడా ఎత్తలేదు.

చల్లబడ్డ చేయి బిగుసుకుని ఉంది. అమ్మ ఒక్కొక్క వేలూ నిదానంగా నొక్కుతూ, అత్తకు కబుర్లు చెబుతూ తొడిగింది. నా పిల్లల సంగతి, కోలారులో టమాటో ధర, మా వీధిలో నీళ్ళ గొడవ, ఏవేవో చెప్పింది. తమ్ముడి కొడుకు గిన్నె పట్టుకుని ఏడుస్తున్నాడు. రెండు చేతులూ నిండాయి. ఒక్కటీ విరగలేదు.

పాడె లేపి నాలుగడుగులు వేయగానే గాజులు మోగాయి. ఆమె చేతుల చప్పుడు వినడం మా అందరికీ అదే మొదటిసారి. బజారులో గుమ్మాల ముందు నిలబడ్డ ముసలి ఆడవాళ్ళు ఆ మోత విని, చేతిలో పని ఆపి, మెట్ల మీద కూర్చుండిపోయారు. అందరి ముఖాలూ షాఫ్ట్ వైపు తిరిగి ఉన్నాయి.