బ్యాండు మాస్టారి ఏడు రికార్డులు

బ్యాండు మాస్టారు పోయారు. పోయిన నెలలో ఒక పొద్దున నేను కుక్కరు దించుతుంటే వాళ్ళమ్మాయి విస్సన్నపేట నుంచి ఫోన్ చేసింది. "టీచరుగారూ, నాన్న వెళ్ళిపోయారండీ. మీకు తప్పకుండా చెప్పమని ముందే చెప్పి ఉంచారు" అంది. ఎనభై దాటిన మనిషి, మూడు నెలలుగా మంచంలోనే ఉన్నారు. ఎప్పుడో ఒకప్పుడు వినాల్సిన మాటే అది. అయినా ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పాను. నాకు పాఠం చెప్పినవాళ్ళలో, ఐదో తరగతితో బడి మానేసిన ఈయన ఒకరు. ఆ సంగతి మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో నేను విస్సన్నపేటలో ఇంగ్లీషు టీచరుగా చేరాను. అప్పటికి ఆయనకి నలభై ఉంటాయి. పెళ్ళిళ్ళ బ్యాండులో ట్రంపెట్ వాయించేవారు, బ్యాండు కూడా ఆయనదే. ముహూర్తాలు లేని రోజుల్లో అందరితోపాటు మామిడి కోతకి వెళ్ళేవారు. ఊరేగింపు మా వీధి మలుపు తిరక్కముందే ఆయన వాయిద్యం తెలిసిపోయేది. సినిమా పాటలో పాడినవాళ్ళు ఎంత పైకి వెళ్ళారో అంతకన్నా ఒక మెట్టు పైకి వెళ్ళి, అక్కడ స్వరాన్ని నిలబెట్టేవారు. జనం ఈలలు వేసేవాళ్ళు.

నేను చేరిన రెండో వేసవిలో, చాట్రాయి దగ్గర ఒక తోటలో చిన్నరసాలు కోస్తూ, కొమ్మ విరిగి పడ్డారు. కింద పేర్చిన చెక్కపెట్టెల అంచు నోటికి తగిలింది. పై పెదవి చీలింది, ముందు పళ్ళు రెండు ఊడిపోయాయి. కుట్లు వేసిన డాక్టరు "అన్నం తింటావు, మాట వస్తుంది. బాకా సంగతి మాత్రం మర్చిపో" అన్నాడట. ట్రంపెట్ పలికేది పెదవి అదురుతోనే. ఆ పెదవికి వెనక నుంచి దన్ను పళ్ళు. ఈ సంగతి ఆయన చెప్తేనే నాకు తెలిసింది.

తోట రైతు పరామర్శకి వచ్చి "నా తోటలో పడ్డావు. ఏం కావాలో అడుగు" అన్నాడు. మాస్టారు అడిగింది విని ఊళ్ళో వాళ్ళు నవ్వుకున్నారు. ఆ రైతు అన్నగారు ఓడల్లో పనిచేసి, చనిపోయారు. ఆయన తెచ్చిన రికార్డ్ ప్లేయరు, ఒక పెట్టెడు రికార్డులు తోటలో ఇంట్లోనే ఉండిపోయాయి. కోతల రోజుల్లో రైతు అప్పుడప్పుడూ ఒకటి పెట్టేవాడు, మాస్టారు చెట్టు మీద నుంచి వినేవారు. "అందులో ఒక ట్రంపెట్ ఆయన ఉన్నాడండి. ఆయన రికార్డులన్నీ మొదట్నుంచి చివరిదాకా వినాలి. అంతే" అన్నారు.

అవి ఏడు. అమెరికాలో పేరున్న ఒక జాజ్ వాద్యకారుడివి. రికార్డులు పెట్టే అట్ట కవర్ల వెనక చీమల బారుల్లా ఇంగ్లీషు. ఆ అట్టలు మాత్రం సంచిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు మాస్టారు.

"టీచరుగారూ, వీటిలో ముందు ఏది, తర్వాత ఏది అన్నది రాసుంటదా?" కుట్లు విప్పి వారం కాలేదు. మాటలో సగం గాలే.

"రాసే ఉంటుంది. కానీ ఈ సంగీతం గురించి నాకేం తెలీదు మాస్టారూ."

"నాకు ఇంగ్లీషు తెలీదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి చదువు అవుద్ది గదండీ."

అలా మొదలైంది. ఆదివారం మధ్యాహ్నాలు చాట్రాయి బస్సెక్కి తోటకి వెళ్ళేవాళ్ళం. ఆయన, ఎనిమిదేళ్ళ వాళ్ళమ్మాయి, నేను. రైతు భార్య మజ్జిగ ఇచ్చి, తను కూడా అరుగు మీద కూర్చునేది. నేను అట్ట చదివి తెలుగులో చెప్పేదాన్ని, తర్వాత రికార్డు పెట్టేవాళ్ళం. కరెంటు ఓల్టేజి పడిపోతే పాట బద్ధకంగా సాగి, శ్రుతి దిగిపోయేది. నాకు తెలిసేది కాదు. మాస్టారు మాత్రం చెయ్యెత్తి "ఇప్పుడొద్దు, ఆపండి. ఇది ఆయన వాయించింది కాదు, మన కరెంటు వాయిస్తంది" అనేవారు. ఓల్టేజి వచ్చేదాకా గంటైనా అలాగే కూర్చునేవారు.

అమ్మాయి రూళ్ళ పుస్తకంలో ఆయన తనకు తెలిసిన పద్ధతిలో గీసుకునేవారు. స్వరం సాగితే గీత, ఊపిరి తీసుకుంటే చుక్క. ఒక్కో పాట ఇరవైసార్లు విన్నాం. "అర్థమైంది మాస్టారూ" అని నేనంటే "అర్థమైందనిపించినప్పుడే ఇంకోసారి పెట్టాలండి" అనేవారు. ఈ మాట తర్వాత నా క్లాసుల్లో ఎన్నిసార్లు చెప్పానో.

నాలుగో అట్ట మీద ఒక సంగతి దొరికింది. ఆ రికార్డు వాయించాక ఆ వాద్యకారుడికి పెదవి దెబ్బతిని, ఒక ఏడాది ట్రంపెట్ ముట్టుకోలేదట. మాస్టారు గోడకి ఆనుకున్నవారు ముందుకి వంగారు.

"ఆ ఏడాదంతా ఏం చేశాడో రాశారా?"

"లేదండీ. అంతవరకే ఉంది."

"అయితే ఐదో రికార్డులో ఉంటది. పెట్టండి."

నిజంగానే ఉంది. మొదటి రికార్డుల్లో వడగళ్ళలా కురిసిన స్వరాలు ఐదో దాంట్లో లేవు. కింది స్థాయిలో నాలుగు స్వరాలు పలికి ఆగుతాడు. తొందర లేదు. ఒకే పాట మొదటి రికార్డులోనూ ఐదోదాంట్లోనూ ఉంటే, రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూపించారు మాస్టారు. రెండో పేజీలో చుక్కలు రెట్టింపు ఉన్నాయి.

ఏడో అట్ట చదివిన రోజు నేను తప్పు చేశాను. అక్కడ, పెదవి దెబ్బ తర్వాత ఆ వాద్యకారుడికి పాత బలం ఎన్నటికీ తిరిగి రాలేదు అని ఉంది. ఆ వాక్యం వదిలేసి కిందకి వెళ్ళిపోయాను. మాస్టారు అట్ట వైపే చూస్తున్నారు.

"మీ వేలు రెండు వరసలు దాటిందండి."

నా మొహం మాడిపోయింది. చదివాను. ఆయన కాసేపు పెదవి మీద కుట్ల మచ్చ తడుముకున్నారు. అప్పుడు భయం వేసింది నాకు, ఈ మనిషి ఇక లేచి వెళ్ళిపోతాడేమోనని.

"మంచిదే" అన్నారు చివరికి. "పాత బలం రాదు. ఇన్నాళ్ళూ దానికోసమే ఎతుకుతున్నా నేను. ఇంక ఆ ఎతుకులాట అక్కర్లేదు. ఉన్నదాంతో ఎట్టా వాయించాడో అది నేర్చుకోవాలి." తర్వాత నావైపు తిరిగి, మెల్లగా, "మీరు జాలిపడి దాచారు. దాస్తే నాకు ఇంకో ఏడాది వృథా అయ్యేది టీచరుగారూ" అన్నారు.

కట్టుడు పళ్ళు పెట్టించుకున్నారు, ఊదితే కదిలిపోయాయి. తీసేశారు. ట్రంపెట్‌ని నోటికి ఎడమ పక్కకి, పళ్ళు గట్టిగా ఉన్నచోటికి జరిపారు. మొదటి ఆరు నెలలూ ఉత్త గాలి, ఆపైన మేక అరుపు. ఇరుగుపొరుగు విసుక్కుంటున్నారని పొద్దున్నే తోటల్లోకి పోయి సాధన చేసేవారు. పెదవి పగిలి రక్తం వస్తే ఆ రోజుకి ఆపి, మర్నాడు మళ్ళీ వెళ్ళేవారు. మూడేళ్ళు పట్టింది.

ఆయన మళ్ళీ వాయించింది చింతలపూడిలో ఒక పెళ్ళిలో. ఊరేగింపులో బ్యాండులోని కుర్రాళ్ళే వాయించారు. ఆయన వెనక నడిచారు. అప్పగింతల వేళ డ్రమ్ములు ఆపమని సైగ చేసి, ట్రంపెట్ ఎడమ పక్కకి పెట్టుకున్నారు. పాత పాటే, కింది స్థాయిలో, ఆగి ఆగి. మగపెళ్ళివారిలో ఒకాయన "ఏంటయ్యా, ఊపిరి అయిపోయిందా?" అని అరిచాడు. కొందరు నవ్వారు. మాస్టారు ఆపలేదు, తొందరపడనూ లేదు. పెళ్ళికూతురు తండ్రి పందిరి రాట పట్టుకుని నిలబడ్డవాడు అలాగే ఉండిపోయాడు. పాట అయ్యేసరికి అరిచినాయన కూడా తువ్వాలు మొహాన అడ్డం పెట్టుకున్నాడు.

అంతటితో అంతా బాగైపోలేదు. ఆయన ట్రంపెట్‌లో జోరు తగ్గిందని కొన్ని ఊళ్ళవాళ్ళు పిలవడం మానేశారు. కానీ కొన్నాళ్ళకి, ఊరేగింపుకి ఎవర్ని పిలిచినా, అప్పగింతలకి మాత్రం ఆయన రావాలని అడగటం మొదలుపెట్టారు. అలా పాతికేళ్ళు వాయించారు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి చెప్పేవారు: "గాలి అందరిదీ ఒకటే. ఎక్కడ ఆపుతామో అదే మనది."

ఆ ఏడో అట్ట తర్వాత నేను కూడా మారాను. పిల్లల కాగితాల మీద "ఫర్వాలేదు" అని రాయడం మానేశాను. తప్పు ఎక్కడుందో చూపించి, పక్కన కూర్చుని దిద్దించాను. అది కరుకుదనం కాదు, గౌరవం. నాకు అది నేర్పింది ఆయనే.

పదకొండో రోజున విస్సన్నపేట వెళ్ళాను. భోజనాలయ్యాయి. వాళ్ళమ్మాయి, ఇప్పుడు తనకీ మనవలున్నారు, ట్రంపెట్ పెరట్లోకి తెచ్చి, మీటలు విప్పి పళ్ళెంలో పెట్టింది. వాయించి వచ్చాక నాన్న చేసినట్టే, చెంబుతో నీళ్ళు నెమ్మదిగా గొట్టంలో పోసి కడిగింది. మెత్తటి పాత పంచె ముక్కతో తుడిచి, పిట్టగోడ మీద ఎండకి బోర్లించింది. మేమిద్దరం గుమ్మంలో కూర్చున్నాం. గోడ మీద ఇత్తడి అంచు కింద నుంచి సన్నటి నీటి దారి బయల్దేరి, ఇటుకల మధ్య వంకర తిరుగుతూ, ఎండ పడుతున్నచోటికి చేరి మెల్లగా ఆరిపోతోంది.