తొట్టిలో మిగిలిన నీళ్లు

మా తండాలోకి పాషా మామ లూనా బండి వచ్చిందంటే ఎవరి బోరు మోటారో కాలిందన్నమాట. పెద్దవాళ్లకు ఏడుపు, మాకు పండగ. ఏన్కూరులో ఆయనకు మోటార్ల వైండింగ్ దుకాణం. మూడు కర్రలు నిలబెట్టి, గొలుసు తగిలించి, పాతాళంలో ఉన్న మోటారును పైపుతో సహా లాగుతుంటే పిల్లలమంతా ఆ గొలుసు పట్టుకుని వేలాడేవాళ్లం. కాలిన రాగి తీగ ముక్కలు మాకు పంచేవాడు. వాటిని ఉంగరాలుగా చుట్టుకుని మహారాణుల్లా తిరిగేవాళ్లం. వేలు పచ్చబడిందని అమ్మ తిట్టినా నేను తీయలేదు. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ ముక్కుకు మాడిన వార్నిష్ వాసన తగులుతుంది. అత్తరు కంటే నాకదే ఇష్టం.

మోటారు మళ్లీ దించాక మొదటి నీళ్లు దోసిట పట్టి తాగాల్సింది ఆయనే. అది మా తండా పద్ధతి. ఆయన బిస్మిల్లా అని తాగాకే నీళ్లు పొలంలోకి పారేవి.

పెద్దయ్యాక నేను ఖమ్మంలో నీటి లెక్కలు కట్టే సంస్థలో చేరాను. ఎంత వాన కురుస్తుంది, నేలలోకి ఎంత ఇంకుతుంది, పంటలు ఎంత తాగుతాయి, ఇదంతా కంప్యూటర్లో లెక్కగట్టడం నా ఉద్యోగం. పోయిన యాసంగి పంటకు ముందు మా తండా లెక్కే నా ముందుకు వచ్చింది. వరి వేస్తే హోలీ నాటికి బోర్లు ఎండుతాయని తేలింది. దారి ఒక్కటే. వరి మానేసి, సగం మోటార్లు తీసేసి, మిగిలిన బోర్లను కలిసి వాడుకోవాలి. అంటే పాషా మామ దుకాణానికి తాళం పడ్డట్టే. ఇది చెప్పడానికి తండాలో మీటింగు పెట్టిన రోజు ఆయన వచ్చి వెనక కూర్చున్నాడు. ఆయన వైపు చూడకుండానే ల్యాప్‌టాప్ తెరిచాను.

ల్యాప్‌టాప్‌లో రంగు గీతలు చూపిస్తే మా బాబూరావు బాబాయి ఆవలించాడు. దాంతో ఒక తొట్టి నిండా నీళ్లు పోయించాను. మన నేలలో ఉన్న నీళ్లివే, ఎవరి పంటకు ఎంత కావాలో చెంబుతో ముంచుకోండి అన్నాను.

అక్కడే బోల్తాపడ్డాను. మా వాళ్లు బోరు దగ్గర ఎంత మొండివాళ్లో నలుగురిలో అంత మర్యాదస్తులు. పెద్దల ముందు చెంబు నిండా ముంచడం మా దగ్గర సిగ్గు. అందరికంటే పెద్దవాడు ధన్‌సింగ్ తాత సగం చెంబే తీశాడు. ఆయన్ను మించి ఎవరు తీస్తారు? చివరికి, బోరు లేక పాత బావి మీదే బతికే గోరి అవ్వ కూడా ముంచుకున్నాక తొట్టిలో ఇంకా నీళ్లు మిగిలాయి.

"సూసినవా బిడ్డా, నీ కంప్యూటర్‌కు ఏం తెల్వది. వరే ఏసుకుందం" అన్నాడు బాబాయి. అందరూ నవ్వుతూ లేచారు.

పాషా మామ ఊరుకుంటే సరిపోయేది. నీళ్లందక మోటార్లు కాలేవి, ఆయన దుకాణం నడిచేది. కానీ ఆయన లేచి తొట్టి దగ్గరకు వచ్చాడు.

"కూసోండ్రి. మోటార్‌కు సిగ్గుంటదా ధన్‌సింగన్నా? పక్కన ఎవరున్నరో సూస్తదా? అన్నీ నేను దించినయే. అవి ఎట్ల గుంజుతయో గట్ల ముంచుండ్రి."

తొట్టి మళ్లీ నింపించి, ఈసారి చెంబు తనే పట్టాడు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి నిండుగా ముంచి పోశాడు. గోరి అవ్వ వంతు వచ్చేసరికి చెంబు తొట్టి అడుగున గీసుకుంది. అవ్వ ఖాళీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. బాబాయి తల దించుకున్నాడు.

"మరి నీ దుకాణం ఏంగావాలె?" అని అడిగాడు ధన్‌సింగ్ తాత.

"ఫ్యాన్లు కాలవా, మిక్సీలు కాలవా? నడుస్తది తియ్."

మోటార్లు పీకడానికీ ఆయనే వచ్చాడు.

ఈ ఎండాకాలం గోరి అవ్వ బావిలో నీళ్లున్నాయి. లెక్క నిజమైందని మా ఆఫీసులో చప్పట్లు కొట్టారు. ఆ సంతోషం చెబుదామని ఏన్కూరు వెళ్లాను. మామ ఎవరిదో మిక్సీ విప్పుతున్నాడు. నీళ్ల సంగతి విని చాలాసేపు నవ్వాడు. తర్వాత ఎవరి మోటారన్నా కాలిందా అని అడిగాడు. లేదన్నాను. మంచిదే అన్నాడు.

"ఓసారి తండాకు రా మామా."

"ఏం పని మీద రావాలె బిడ్డా?"

ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.