నా రొట్టె తిన్న ఉపదేశి

మా పేట ఉపదేశి పోయిన మంగళవారం పొద్దున కన్నుమూశారు. ఆ కబురు తెచ్చింది ఆయన రెండో కూతురు. నేను చేనిలో కంప కొడుతున్నాను. "పెద్దనాయనా, నాయన పోయినాడు" అంది. "ఏం తిన్నాడు?" అని అడిగాను. ఆ పిల్ల నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. ఎందుకు అట్లా అడిగానో మీకు చెప్పాలి. పొగడ్తలు నాకు రావు. జరిగింది రాస్తాను.

పాస్టరు అయ్యగారు మా పేటకు మూడు నెలలకొకసారి వచ్చేవారు. మిగతా దినాల్లో ఆరాధన జరిపేదీ, పిల్లలకు చదువు చెప్పేదీ, చచ్చినవాళ్లను మట్టి చేసేదీ ఉపదేశే. ఆయనకు ఒక సైకిలు ఉండేది. దాన్ని ఎక్కినదానికన్నా తోసినదే ఎక్కువ. యాడికి ఊళ్లో సాహెబు టీ హోటల్లో కూడా కళ్లు మూసి ప్రార్థన చేయనిదే గ్లాసు ఎత్తేవారు కాదు. ఒకనాడు సాహెబు నవ్వాడు.

"ఏమప్పా ఉపదేశీ, నా టీలో విషమేమన్నా కలిపినాననుకున్యావా, అంతసేపు మంత్రమేస్తాండావు?"

"విషానికి కాదు సాహెబూ. నువ్వు పాలు కలపల్లని ప్రార్థన చేస్తాండా."

హోటలంతా నవ్వింది. సాహెబు ఇంకో గరిటెడు పాలు పోశాడు.

ఇక నా సంగతి. మా చిన్నాయన కొడుకుకూ నాకూ ఒకటే బావి. ఒకరోజు వాడి కపిల, ఒకరోజు నాది. తోలు బొక్కెన కట్టి ఎద్దులతో నీళ్లు తోడేదాన్ని కపిల అంటారు. ఇప్పుడు మోటార్లు చూసి పుట్టిన పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఒక కరువు ఏడు బావిలో మోకాటి లోతు నీళ్లు ఉండేవి. అప్పుడే నా భార్య కాన్పులో పోయింది. ఆ రోజు వంతు నాది. సమాధుల దొడ్డిలో పెట్టె దించుతుండగా బావి దిక్కునుంచి గిలక కిర్రుమన్నది. నా నీళ్లు వాడు తోడుకుంటున్నాడు. వదిన పెట్టె మోయడానికి రానివాడు ఎద్దులు కట్టడానికి వచ్చాడు. ఉపదేశికీ వినబడింది. ప్రార్థన మధ్యలో ఆపి, బావి దిక్కు ఒకసారి చూసి, మళ్లీ మొదలుపెట్టారు. వారం తిరక్కముందే నా రాగిపైరు మాడిపోయింది. ఆ ఏడు నా ఇద్దరు పిల్లలూ గంజి కేంద్రం దగ్గర చెంబు పట్టుకుని నిలబడ్డారు.

కొడవలి తీసుకుని వాడి ఇంటికి బయలుదేరాను. ఉపదేశి ఎదురొచ్చారు. చెయ్యి పట్టుకోలేదు, వాక్యం చెప్పలేదు.

"పొయ్యేముందు నీ పిల్లోళ్లను మా ఇంట్లో ఇడిసిపెట్టి పో. నువ్వు జైలుకు పోతే సాకేకి ఎవురన్నా ఉండల్ల గదా" అన్నారు.

కొడవలి కింద పెట్టాను. పగను మాత్రం దించలేదు.

పాస్టరు అయ్యగారు ప్రభువు బల్ల, అంటే రొట్టే ద్రాక్షరసమూ, ఇచ్చే ఆదివారానికి ముందు శనివారం, ఉపదేశి పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వచ్చేవారు. "ఎవురితోనన్నా మాటల్లేకుండా ఉండావా?" అని అడిగేవారు. ఉన్నానంటే ఆ పేరు కొట్టేసేవారు. పగ పెట్టుకుని రొట్టె తింటే శిక్ష తిన్నట్టేనని ఆయన చెప్పేవారు. మేము దాన్ని ఎట్లా అర్థం చేసుకున్నామంటే, తిన్నవాడు చస్తాడని. మా పేటలో ఒక ముసలమ్మ రొట్టె తిన్న మూడోనాడు పాము కరిచి పోతే, కోడలితో మాట్లాడనందుకేనని పేటంతా నమ్మింది. నేనూ నమ్మాను.

నాలుగేళ్లు నా పేరూ వాడి పేరూ కొట్టివేతలోనే ఉన్నాయి. అప్పుడు నాకు ఒక ఆలోచన తట్టింది. వాడి కడుపులో నా మీద పగ ఉంది. వాడిచేత రొట్టె తినిపిస్తే చాలు, కొడవలి అక్కర్లేదు.

వాడి ఇంటికి పోయాను. "నీ మింద నాకేం లేదు, బల్ల కాడికి రా" అన్నాను. "నిజమేనా అన్నా?" అన్నాడు. నిజమేనన్నాను. శనివారం ఉపదేశికీ అదే మాట చెప్పాను. ఆదివారం పక్కపక్కన మోకరించాం. నా రొట్టె గుప్పిట్లో దాచి వాడి గొంతు వంక చూశాను. వాడు మింగాడు. నాది టవలు కొనకు ముడి వేసుకున్నాను.

పది రోజులు కాచుకున్నాను. వాడికి తుమ్ము కూడా రాలేదు. కోపంతో ఉపదేశి దగ్గరికి పోయాను.

"అయ్యా, మీరు చెప్పింది అబద్ధం. వాడు చావలేదు."

"ఆయప్ప శనివారమే నా కాడికొచ్చి ఏడ్చి పోయినాడప్పా. నీళ్లు తోడింది తప్పని ఒప్పుకున్యాడు" అన్నారు.

"నా కాడ ఏడ్వల్లగానీ మీ కాడ ఎందుకు?" అన్నాను.

దానికి ఇప్పటికీ జవాబు చెప్పినవాళ్లు లేరు.

"నీ రొట్టె యాడుండాది?" అని అడిగారు. ముడి విప్పాను. రాయిలాగా అయిపోయి ఉంది. ఆయన దాన్ని తీసుకుని నోట్లో వేసుకున్నారు.

"అయ్యా, ఊసేయండి! దాంట్లో నా పగ ఉండాది!"

"ఊసేసేకి ఏముండాదప్పా, మింగేస్తినే. నువ్వు మోసేదానికన్నా నేను తినేది మేలు."

ఆ పూట నుంచి నా గుండె నా దగ్గర లేదు. రోజూ తెల్లవారగానే ఆయన వాకిట్లో నిలబడేవాణ్ణి. నాలుగోనాడు ఆయన పండ్లు తోముకుంటూ అడిగారు.

"ఏమప్పా, ఇంకా చావలేదని చూసేకి వస్తివా?"

"చావకూడదని వస్తి."

"అయితే దినమూ రా. ఊరికే కూర్చోవద్దు, ఇదో పలక."

నాకు అక్షరాలు అట్లా వచ్చాయి. ఒకనాడు మా చిన్నాయన కొడుకు పేరు రాయమన్నారు. బలపం విరిచేశాను. ఆయన మిగిలిన ముక్క ఏరి ఇచ్చి, "సరే, ఇంకో మాట రాయి" అన్నారు, అంతే. బల్ల పుస్తకంలో నా పేరు మళ్లీ కొట్టేయమని నేనే చెప్పాను. కొట్టేశారు. కానీ మా ఇంటికి రావడం మానలేదు. నా పిల్లల పెండ్లిళ్లు ఆయనే కుదిర్చారు. ఆ రొట్టె తిన్నాక తొమ్మిదేళ్లు బతికారు. డాక్టరు జ్వరం అన్నాడు. నా రొట్టేనని నాకు ఇంకా అనుమానం.

ఇది చదివి నేను మారానని ఎవరూ అనుకోవద్దు. ఆ గిలక చప్పుడు నా చెవిలో ఇంకా ఉంది. ఆయన అడిగినవాటిలో నేను ఇవ్వనిది వాడికి క్షమాపణ ఒక్కటే. ఇవ్వలేదని ఈరోజు సిగ్గుపడుతున్నాను. అయినా ఇవ్వలేదు.

ఉపదేశికి సమాధి తవ్వే చోటికి పోయేసరికి మా చిన్నాయన కొడుకు రొమ్ము లోతు గుంతలో ఉన్నాడు. మూడేళ్లుగా తడి లేని నేల. మిగతావాళ్లు పెట్టె తేవడానికి పోయారు. గట్టున గడ్డపార పడి ఉంది. వాడు తల ఎత్తి నన్ను చూశాడు. ఎర్రటి దుమ్ములో కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"అన్నా, చెయ్యియ్యి" అన్నాడు.

చెయ్యి ఇవ్వలేదు. గడ్డపార తీసి దాని కొన చాచాను. వాడు రెండు చేతులా పట్టుకున్నాడు. బరువుగా ఉన్నాడు. కాళ్లు తన్నిపెట్టి లాగాను. వాడు పైకి వచ్చాక కూడా, పెట్టె మోసుకుని మనుషులు వచ్చేదాకా, ఆ గడ్డపారను చెరో కొనా పట్టుకునే నిలబడి ఉన్నాం.