తట్టి వినే చిన్నాన్న

బళేపేటలో మా చిన్నాన్నది గాజుల కొట్టు. గాజుల దండను గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, బీట ఉందో లేదో చెప్పేసేవాడు. గుమ్మడికాయనైనా తట్టకుండా కొనేవాడు కాదు.

యుద్ధం ముగిసిన ఏడాది, ఆయన అత్తగారి ఊళ్లో చిరుత దూడల్ని ఎత్తుకుపోతుంటే, దుర్భిణి బిగించిన నా తుపాకీతో ఆ సాయంత్రమే బయల్దేరాలనుకున్నాం. తీరా పేట బయట కుండకు గురిపెట్టి కాలిస్తే తూటా ఎడమకే పోతోంది.

గురి సరిచేసే మర తిప్పుతూ, దుర్భిణిలో చూసి అరిచాను. "మర తిరగతా ఉండాది, గురిగీత కదల్దే చిన్నాన్నా!"

"లోపల పట్టుకోని ఉండాది. ఉండప్పా!" అంటూ దుర్భిణిని వేలి కణుపుతో టకటకా తట్టాడు.

గీత చటుక్కున జరిగింది! ఈసారి కుండ ముక్కలైంది. నేను గంతులేస్తుంటే, ఆయన పరుగున పోయి పెంకొకటి ఏరి, తట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అయ్యో, ఎంత మంచి కుండప్పా ఇది!"