ఎంగిలి తగలని పైపు

రాబర్ట్‌సన్‌పేటలో కిరాణా కొట్టు నడిపే శంకరనారాయణ శెట్టి మహా నిష్ఠాపరుడు. కాఫీ అయినా సరే, గ్లాసు పెదవికి తగలనీయడు. తల ఎత్తి పైనుంచి పోసుకుంటాడు. అలాంటి మనిషి పాతసామాన్ల అంగట్లో ఒక పొగపైపు కొన్నాడు. ఒకప్పుడు ఇక్కడి బంగారు గనుల్ని ఏలిన తెల్లదొర తాగిన పైపని అమ్మినవాడు చెప్పాడు. ఆ మాటకే శెట్టి సగం దొరైపోయాడు.

వీడియో చూస్తూ బాగుచేయడానికి కూర్చున్నాడు. లోపల బ్రాందీతో కడగమన్నారు. శివశివా అనుకొని పసుపునీళ్ళతో కడిగాడు. పేరుకున్న మసి గీకి, కొబ్బరినూనె రాసి మెరిపించాడు. నోట పెట్టుకునే గొట్టం మీద పంటిగాట్లు ఉన్నాయి. భార్య అంబుజమ్మ వాటిని గరుకు ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేయబోతే కసిరాడు.

"దొర పండ్లు పడిన గుర్తులవి! అవి గూడా పోతే ఇంగ దీంట్లో ఏముండాది?"

తీరా పొగాకు కూరి, కర్పూరం పెట్టి వెలిగించాక, ఎంగిలి సంగతి గుర్తొచ్చింది. శెట్టి కాసేపు ఆలోచించాడు. తల ఎత్తి, పైపును నోటికి జానెడు పైన పట్టుకొని, నోరు తెరుచుకొని కూర్చున్నాడు. పొగ ఒక్క పిసరు కూడా కిందికి దిగలేదు.

అంబుజమ్మ తొంగిచూసింది.

"దోమలు బాగా పోతాండాయి. ఆ మంచం కింద గూడా ఒకసారి పొగ చూపించండి."